మోడు కొబ్బరికి గుచ్చిన సూదులు

రెండువేల రెండో సంవత్సరం, శ్రావణమాసం, రెండో మంగళవారం, పొద్దున్న పదింపావు. టైము ఎలా తెలుసంటే, రాజోలు నుంచి వచ్చే పదిగంటల బస్సు అప్పుడే లాకుల మీద హారను కొట్టి వెళ్ళింది. ఆ బస్సు ఎప్పుడూ పావుగంట లేటు. ఇంత కచ్చితంగా ఎందుకు రాస్తున్నానంటే, ఆ రోజు నా పాక ముందు ఎవరెవరున్నారని ఇప్పుడడిగితే ఎవరూ లేరంటారు. ఉన్నారు. చివర్లో అందర్నీ చెప్తాను. పేర్లు రాయను. చదివితే ఎవరికి వాళ్ళకే తెలుస్తుంది.

నాది లాకుల దగ్గర కాలవగట్టు మీద టిఫిను పాక. పొద్దున్నే పొట్టిక్కలు, ఆ తర్వాత పెసరట్లు. పొట్టిక్కంటే పనసాకుల్ని ఈనెపుల్లల్తో బుట్టలా గుచ్చి, అందులో ఇడ్లీపిండి పోసి ఆవిరి పెట్టేది. ఆ బుట్టలు కుట్టడానికి ఇద్దరు ఆడపిల్లలు అరుగు మీద కూర్చునేవారు. ఒకత్తి నా మనవరాలు. కొడుకు కూతురు, పసితనం నుంచీ నా దగ్గరే పెరిగింది, రాజోల్లో ఇంటరు చదివేది. రెండోది పక్కింటి కోడలు. దానికి పాతికేళ్ళుంటాయేమో. మొగుడు కొబ్బరి దింపు తీస్తూ చెట్టు మీంచి పడి నడుం విరగ్గొట్టుకున్నాడు. అప్పట్నుంచీ ఇల్లంతా దాని రెక్కల మీదే నడిచేది.

నాకు అక్షరాలు యాభై దాటేక వచ్చేయి. సాయంత్రంపూట పంచాయతీ ఆఫీసు వరండాలో చెప్పేవారు. పలక పట్టుకుని వెళ్తుంటే కిళ్ళీకొట్టు దగ్గర మొగాళ్ళు, "మామ్మగారూ, కలెక్టరైపోతారాండి?" అనేవారు. "అయితే మొట్టమొదట నిన్నే ఈ ఊళ్ళోంచి ట్రాన్స్‌ఫర్ చేస్తాను" అనేదాన్ని.

పచ్చబొట్లంటే నాకు పిచ్చి. నా ఎడమచేతి మీద తేలుంది. మా అమ్మ చేతి మీద తులసికోట ఉండేది. అమ్మని సాగనంపిన రోజు, ఆ చేతితోపాటు ఆ తులసికోట కూడా కాలిపోతోందని నాకు తట్టింది. మొహం గుర్తుంటుంది, ఆ కోట మీద ఎన్ని గీతలున్నాయో మాత్రం గుర్తుండదు. దానికోసం వేరే ఏడ్చేను. నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు.

తొంభయ్యారు తుఫాను వచ్చిన మరుసటేడు పచ్చబొట్లావిడ మా వైపొచ్చింది. నా ఈడుదే. అంతకుముందు కూడా ఏడాదికోసారి వచ్చేది. చంకలో బుట్ట, అందులో కొబ్బరిచిప్ప నిండా దీపం మసి, ఆకుపసరు సీసా. ఆ ఏడు ఊరంతా తిరిగినా ఒక్క చెయ్యీ దొరకలేదు. పెద్దవాళ్ళు ఇళ్ళు నిలబెట్టుకునే గొడవలో ఉన్నారు, పిల్లలకేమో సిగ్గు. కాలేజీకి వెళ్ళే పిల్లలు ఉన్న పచ్చబొట్టునే జాకెట్టు చెయ్యి పొడుగు కుట్టించి దాచుకుంటున్నారు. ఆవిడ నా బల్ల మీద కూర్చుని, "ఇంక చేతుల్లేవక్కా" అంది.

మైదా సంచి ఒకటి ఉతికి ఆరేసి ఉంది. చింపి ముందు పరిచేను. "దీని మీద వెయ్యి."

"గుడ్డకి నొప్పి తెలీదు కదక్కా. బొమ్మ నిలబడదు."

"నువ్వు వెయ్యవే. నిలబెట్టే సంగతి నేను చూసుకుంటాను."

నా ఈనెపుల్లే తీసుకుంది. మసిలో ముంచి చుక్క, చుక్క, చుక్క. గీత గియ్యదావిడ. గుడ్డ మీద కూడా ఒంటి మీద పొడిచినట్టే పుల్ల నిలువుగా పట్టుకుని చుక్కలే పెట్టింది. మధ్యాన్నానికి తేరు లేచింది. చక్రాలు, గొడుగు, లాగే తాడు. రెండో గుడ్డ మీద, నేను చెప్పిన గుర్తుల్ని బట్టి, మా అమ్మ చేతి మీది తులసికోట వేసింది. అది చూసేక పెనం మీద అట్టు మాడిపోతున్నా నాకు తెలీలేదు.

అలా మొదలైంది. ఏటా వచ్చేది, ఉన్నన్నాళ్ళూ నా దగ్గరే తిండి, నా అరుగు మీదే పని. వెళ్ళేటప్పుడు చీర, సంచినిండా బియ్యం. ఏటా నాకు గుడ్డలు. పాక గోడంతా అవే. జెర్రి, చేప, పల్లకీ, తొట్టి. టిఫినుకొచ్చిన ఆడవాళ్ళతో, "చేతి మీద వద్దంటే గుడ్డ మీద వేయించుకోండర్రా, గుమ్మానికి కట్టుకుందురు గాని" అనేదాన్ని. కొంతమంది వేయించుకున్నారు. గుడ్డ చూసి ముచ్చటపడి చెయ్యి చాపినవాళ్ళూ ఉన్నారు. అంతర్వేది తీర్థంలో బ్యాటరీ మిషనుతో పొడిచే ఒకతను పాత బొమ్మల అట్ట పారేస్తుంటే, అదీ అడిగి తెచ్చుకున్నాను. అందులో పులులు, పాములు. ఒక్క సూదితో తీర్థమంతా పొడిచేవాడు. అది చూసి పచ్చబొట్లావిడ మొహం తిప్పుకుంది.

ఆవిడ పద్ధతి వేరు. సూదులు ఎవరివి వాళ్ళే తెచ్చుకోవాలి, కొట్లో కొన్న కొత్తవి. మూడు సూదులు కలిపి కట్టాలి. కట్టే దారం పొడిపించుకునేవాళ్ళ చీర అంచులోంచే లాగాలి. పని అయిపోయేక ఆ కట్టని నా పెరట్లో మోడు కొబ్బరికి గుచ్చేసేది. తుఫానుకి తల విరిగిన చెట్టు, మొండెం మిగిలింది. ఒకరి నెత్తురు తాగిన సూది ఇంకొకళ్ళ ఒంట్లో దిగితే వాళ్ళిద్దరికీ జన్మంతా పోట్లాటలేనని ఆవిడ నమ్మకం. ఆ మొండెం నిండా సూదులే, రంగురంగుల దారాల్తో.

ఒక్క నేస్తాలకి మాత్రం ఆ పద్ధతి లేదు. మా వైపు ఆడవాళ్ళు నేస్తం కట్టుకుంటారు. కట్టుకున్నాక పేరు పెట్టి పిలుచుకోరు, నేస్తం అనే పిలుచుకుంటారు, అక్కచెల్లెళ్ళకంటే ఎక్కువ. నేస్తాలకి సూది ఒకటే, దారాలు రెండు. విడిపోకుండా ఉండటానికి.

రెండువేల రెండు జ్యేష్ఠంలో పక్కింటి కోడలికి కువైట్ వీసా వచ్చింది. ఇంట్లో పనికి. రెండేళ్ళు అక్కడే. నా మనవరాలు ఏడుపు. చివరికి ఇద్దరూ నేస్తం కట్టుకుని, అప్పుడే మా ఊరొచ్చి ఉన్న పచ్చబొట్లావిడ చేత మణికట్టు మీద ఒకే రకం మూడు చుక్కలు పొడిపించుకున్నారు. ముందు పక్కింటి కోడలికి, వెంటనే అదే కట్టతో నా మనవరాలికి. అప్పట్నుంచీ నాకూ ఆ కోడలి పేరు నేస్తమే. నేను పెసరట్టు తిప్పుతూ చూస్తూనే ఉన్నాను. పసుపు రాసింది కూడా నేనే.

ఆషాఢంలో నేస్తం బొంబాయి వెళ్ళింది. అక్కడ రక్తం తీశారు, ఛాతీ ఫొటో తీశారు, మెడికల్‌లో ఫెయిలన్నారు. ఎందుకు ఫెయిలో ఏజెంటు చెప్పలేదు, రైలెక్కించి పంపించేశాడు. అది ఊళ్ళో దిగేలోపే మాట దిగింది. ఆ జబ్బట. పేరెవరూ అనరు. "అదేనట" అంటారు, అంతే.

నేను నమ్మలేదు. నమ్మకుండా ఉన్నది రాజోలు బస్టాండు దాకానే. అక్కడ గోడ మీద ఎర్రరంగుతో రాసుంది. ఎన్నిసార్లు దాని ముందు నిలబడి బస్సెక్కేనో. ఆ రోజు కూడబలుక్కుని చదివేను. ఆ జబ్బు వేటివేటి వల్ల వస్తుందో వరసగా రాశారు. మూడో వరసలో సూదులు. ఒకరికి వాడినవి ఇంకొకరికి వాడితే అని. సున్నా, కొమ్ము, అన్నీ సరిగ్గానే చదివేను. తప్పు చదివేనేమోనని మళ్ళీ చదివేను. అక్కడే పళ్ళబండి పట్టుకుని నిలబడ్డాను. చదువు రాకపోతే బాగుండునని ఆ ఒక్కరోజే అనుకున్నాను.

ఇంటికొచ్చి మనవరాలి మొహం చూడలేకపోయేను. దానికి ముందే తెలుసు. కాలేజీలో చెప్పేరట. అది నాకు చెప్పలేదు, నేను దానికి చెప్పలేదు. మణికట్టు మీద మూడు చుక్కలు మాత్రం ఇద్దరం చూస్తూ ఉండేవాళ్ళం.

అలా ఉండగా, జ్యేష్ఠంలో మా దగ్గర్నుంచి పై ఊళ్ళు తిరగడానికి వెళ్ళిన పచ్చబొట్లావిడ, తిరుగుదారిలో, ఏమీ తెలీకుండా సోమవారం సాయంత్రం బుట్టతో దిగింది. మంగళవారం పదింపావుకి జనం వచ్చేరు.

రేషను డిపో ఆయన ముందు నిలబడ్డాడు. ఎప్పుడూ నవ్వుతూ వచ్చేవాడు.

"ఆ సూదులావిడ లోపలుందాండి?"

"ఉంది. టిఫిను చేస్తోంది. మీకూ పెట్టమంటారా?"

"ఎటకారాలొద్దండి. బయటికి పిలవండి."

వెనకనుంచి నేస్తం అత్తగారు అరిచింది. "నా కోడల్ని నాశనం చేసిందండీ! నాకూ పొడిచింది! ఇంట్లో అందరికీ అంటించేసింది!"

"నీ కోడలికి ఏమొచ్చిందో డాక్టరు చెప్పేడా, నువ్వే చెప్పేసుకున్నావా?" అన్నాను.

"ఆయ్, పలక పట్టుకోగానే తమరు డాక్టరు కూడా అయిపోయేరు."

జనం నవ్వలేదు. అది చూసే నాకు భయమేసింది. ఆవిడ అంత మాటన్నాక మామూలు రోజైతే లాకులదాకా నవ్వేవారు.

డిపో ఆయన భార్య మాట్లాడకుండా చెయ్యి చూపించింది. మొగుడి పేరు పొడిపించుకుంది ఆ ఏడే, నా గుడ్డలు చూసి ముచ్చటపడి. ఆ పేరుని కొబ్బరిపీచుతో రుద్దింది. తోలు లేచిపోయి నీరు కారుతోంది. అక్షరాలు మాత్రం అలాగే ఉన్నాయి.

పచ్చబొట్లావిడ చెయ్యి కడుక్కుని బయటికొచ్చింది.

"అందర్నీ ఒకే సూదితో పొడిచేవా?" అన్నాడు డిపో ఆయన.

"లేదు బాబూ."

"రుజువేంటి?"

రుజువు పెరట్లోనే ఉంది. పది అడుగులు వేస్తే చాలు. ఎవరి దారం వాళ్ళకి కనపడుతుంది. ఆవిడ పెరటివైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. తర్వాత అరుగు మీద పనసాకు కుడుతున్న నా మనవరాల్ని చూసి తల దించుకుంది. ఇంక నోరు విప్పలేదు. అప్పుడర్థమైంది నాకు. మోడు దగ్గరికి తీసుకెళ్తే ఆవిడ బతికిపోతుంది, నా పిల్ల దొరికిపోతుంది. అందుకని దెబ్బలు తినడానికి నిలబడింది.

"చెప్పదేంటండీ! ఒకటే సూది, అందుకే చెప్పదు!"

"ముందా గుడ్డలు తగలెట్టండి. అదే మసి, అదే చెయ్యి!"

డిపో ఆయన గోడ మీంచి తేరు గుడ్డ లాగి నా పొయ్యిలో పారేశాడు. మైదా సంచి గుడ్డ, ఇట్టే అంటుకుంది. చక్రం ఒకటి చివరిదాకా కనపడింది. మసితో వేసింది మళ్ళీ మసైపోయింది. ఆయన చెయ్యి తులసికోట మీదికి వెళ్ళింది. ఇంకెవరో పచ్చబొట్లావిడ జుట్టు పట్టుకున్నారు. నా నోట్లో మాట ఉంది. అది బయటికొస్తే మనవరాలి బతుకు ఊళ్ళో వాళ్ళ చేతిలో పెట్టినట్టే. రాకపోతే ఈవిడ ప్రాణం పోయేటట్టుంది. నా జన్మలో అంత భయం తుఫానుకి కూడా పడలేదు. గాలి అయితే ఎటునుంచి వస్తుందో తెలిసేది.

మనవరాలు చేతిలో ఆకు కింద పెట్టి లేచింది.

"ఆవిణ్ణి వదలండి. మోడు దగ్గరికి రండి, చూపిస్తాను."

"వద్దే" అందామనుకున్నాను. అనలేకపోయేను.

పెరడంతా వానకి చిత్తడి. అందరూ మోడు చుట్టూ మూగేరు. ఎవరి సూది వాళ్ళదేనని పిల్ల చెప్పింది, దారాలు చూసుకోమంది. కాసేపు ఎవరికీ ఏమీ కనపడలేదు, అన్నీ తుప్పు పట్టి ఉన్నాయి. అంతలో డిపో ఆయన భార్య, "ఇది నా నెమలికంఠం చీర దారం! ఇదిగోనండీ, నాదే!" అని కేకేసింది. తర్వాత ఇంకొకావిడకి దొరికింది. తర్వాత ఇంకొకరికి. పడిపోయిన దుద్దులు వెతుక్కున్నట్టు వెతుక్కున్నారు. దొరికినవాళ్ళు నవ్వేరు, ఏడ్చేరు. నేస్తం అత్తగారికి కూడా దొరికింది, ఊదారంగు దారం.

"మరి మా కోడలిదేది?" అందావిడ.

 మనవరాలు వేలు పెట్టి చూపించింది.

"ఇదండి. ఎర్రది నేస్తం చీర దారం. పసుపుది నా ఓణీది."

"రెండు దారాలేంటి?"

"ఒకే సూదండి. దానికీ నాకూ."

అప్పటిదాకా దానికి భుజాలు ఆనించి నిలబడ్డవాళ్ళు ఒక్కొక్కళ్ళే వెనక్కి జరిగేరు. ఎవరూ తోయలేదు, ఎవరూ తిట్టలేదు. జరిగేరంతే. మోడు చుట్టూ ఖాళీ అయిపోయింది. అది కుట్టిన బుట్టల్లో పొట్టిక్కలు తిన్నవాళ్ళే అందరూ. నేస్తం అప్పటిదాకా గుమ్మం చాటున నిలబడి ఉంది. గబగబా వచ్చి దాని చెయ్యి పట్టుకుంది.

నేను లాకుల దగ్గర ఆటో అతన్ని కేకేశాను. "అమలాపురం పెద్దాసుపత్రికి పోవాలి. వస్తావా రావా?" వస్తానన్నాడు. సీటు మీద గోనెసంచి పరిచి, "ఎక్కండి మామ్మగారూ" అన్నాడు. సీటు వానకి తడిసిందన్నాడు. తడవలేదు. ఏమీ అనకుండా ఎక్కేను. రావడమే గొప్ప.

నలుగురం వెళ్ళేం. ఆసుపత్రిలో పచ్చబొట్లావిడ కూడా రక్తం ఇస్తానంది. తీరా సిరంజి చూసి నా చీర కొంగులో మొహం దాచుకుంది. "ఇంతమందిని పొడిచేవు కదే!" అన్నాను. "నేను పొడిపించుకోలేదక్కా ఎప్పుడూ" అంది. పిల్లలిద్దరూ నవ్వేరు. ఆ రోజు మొత్తం మీద విన్న నవ్వు అదొక్కటే.

మర్నాడు డాక్టరమ్మ చెప్పింది. ముగ్గురికీ ఏమీ లేదు. నేస్తం ఊపిరితిత్తుల మీద పాత మచ్చ ఉందట, చిన్నప్పుడెప్పుడో వచ్చి మానిన క్షయ. బొంబాయిలో ఫెయిలైంది దానికేనట. దణ్ణం పెట్టి లేవబోయేను. "ఆగండమ్మా, మూడు నెలలయ్యేక మళ్ళీ చెయ్యాలి. కొత్తగా అంటుకుంటే ఇప్పుడు కనపడదు. అప్పుడే గట్టిగా చెప్పగలను" అంది.

ఆ మూడు నెలలు ఎలా ఉన్నాయో రాయడానికి నా దగ్గరున్న అక్షరాలు చాలవు. పాకకి మనుషులు రాలేదు. పొట్టిక్కలు చేసి కాలవలో చేపలకి వేసేదాన్ని. పచ్చబొట్లావిడ నా మాట కూడా వినకుండా వెళ్ళిపోయింది. మనవరాలు తన గ్లాసు వేరే పెట్టుకుంది. దాన్లోనే నేను మజ్జిగ తాగేదాన్ని, అది చూస్తుండగా. పైకలా ఉన్నాను గాని, అది దగ్గితే నా చేతిలో గరిటె ఆగిపోయేది. పళ్ళు తోముకుని ఉమ్మితే వెళ్ళి నీళ్ళలో ఎరుపు ఉందేమోనని చూసేదాన్ని. నేస్తాన్ని అత్తగారు వంటింట్లోకి రానివ్వలేదు, మా దగ్గరే తినేది. ఇద్దరూ అరుగు మీద కూర్చుని బుట్టలు కుట్టేవారు, కొనేవాళ్ళు లేకపోయినా. గోడ మీద గుడ్డల్ని చూడలేకపోయేదాన్ని. అన్నీ తీసి పెట్టెలో పడేశాను. మర్నాడు పొద్దున్న చూస్తే మళ్ళీ గోడ మీదున్నాయి. మనవరాలు పెట్టింది. తేరు ఉండే చోటు మాత్రం ఖాళీగా వదిలింది.

దీపావళి వెళ్ళేక మళ్ళీ రక్తం ఇచ్చేరు. ఈసారి ఆసుపత్రి వసారాలో కూర్చోలేక బయట మెట్ల మీద నిలబడ్డాను. పిల్లలిద్దరూ లోపల్నుంచి వస్తున్నారు. మొహాలు చూడటానికి ధైర్యం చాలక మణికట్లు చూసేను. చేతులు పట్టుకునే ఉన్నారు.

"మామ్మా, లేదు" అంది.

"ఎవరికి?"

"ఇద్దరికీ."

ఊరికి కబురు మాకంటే ముందొచ్చింది. మర్నాడు బల్లలు నిండేయి. పచ్చడి వేసుకుంటూ డిపో ఆయన, "ఆ రోజు నేను ఊళ్ళో లేనండి, తాటిపాక వెళ్ళేనండి, తెలిసుంటే అంత రభస జరగనిచ్చేవాణ్ణా?" అన్నాడు. నా పొయ్యి ముందు కూర్చునే అన్నాడు. తర్వాత ఒక్కొక్కళ్ళూ అదే మాట.

రెండేళ్ళకి పచ్చబొట్లావిడ వచ్చింది. బుట్టలో చిప్ప ఉంది, సూదుల్లేవు. "గుడ్డలే వేస్తానక్కా ఇంక" అంది. ఖాళీ చోటు కొలిచి, తేరు మళ్ళీ వేసింది.

ఆ మంగళవారం పదింపావుకి ఉన్నవాళ్ళు వీళ్ళు. రేషను డిపో ఆయన, తాటిపాకలో కాదు, నా పొయ్యి దగ్గర. ఆయన భార్య, పుండుపడ్డ చేత్తో. నేస్తం అత్తగారు. లాకు తలుపులెత్తే లస్కరు, తన పని వదిలి. కిళ్ళీకొట్టు అన్నదమ్ములిద్దరూ, జుట్టు పట్టుకున్నది అందులో చిన్నవాడు. చేపలమ్మే ఆవిడ, తట్ట దించకుండానే. ఆటో అతను, గోనెసంచితో. పచ్చబొట్లావిడ, నోరు విప్పకుండా. గుమ్మంలో నేను, నోరు పెగలక. మోడు పక్కన నా మనవరాలు. దాని చెయ్యి పట్టుకుని నేస్తం.